నొక్కిన వేలికి, వినిపించిన స్వరానికి మధ్య: ఒక ప్రాజెక్టు డైరీ

మూడేసి నిమిషాల పాటలు నాలుగు. వాద్యాలన్నీ కీబోర్డు మీదే వాయించి, ఇంట్లోనే రికార్డు చేసి, ఇంట్లోనే కలపాలి. గడువు 90 రోజులు. పని ఇంతే. ఏ కీబోర్డు తీసుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి అన్నవాటికి మొదటి వారంలోనే జవాబు దొరికి ఉంటే ఈ డైరీ సగం కూడా ఉండేది కాదు. ఎంచుకున్నవాటికంటే చెడగొట్టుకున్నవాటి గురించే ఎక్కువ రాశాను. నా చేతిలో పడిన కీబోర్డుల కంపెనీల పేర్లు రాయలేదు, ఎందుకంటే ఈ తప్పులు ఆ రకం పరికరాలన్నిటిలోనూ రాగలవి.

దశ 1: ఎన్ని మెట్లు? (రోజు 1–8)

25 మెట్ల చిన్న కంట్రోలర్‌తో మొదలుపెట్టాను. దానికి సొంత గొంతు లేదు. ఏ మెట్టు నొక్కామో, ఎంత వేగంగా నొక్కామో కంప్యూటర్‌కు చెబుతుంది, అంతే. బల్ల మీద మూల చాలు, సంచిలో పడుతుంది.

ఆరో రోజుకల్లా దానితో విసిగిపోయాను. ఎడమ చేత్తో మూడు స్వరాల కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) పడితే కుడి చేతికి తొమ్మిదో పదో తెల్ల మెట్లు మిగులుతాయి. పాట పై స్థాయికి వెళ్లిందంటే, వాయిస్తూనే స్థాయి మార్చే బొత్తం నొక్కాలి. ఇక్కడొక ఉచ్చు ఉంది. ఒక మెట్టును నొక్కి ఉంచి స్థాయి మార్చాననుకోండి. తర్వాత వేలు తీసినప్పుడు వెళ్లే ‘ఆపు’ సందేశం కొత్త స్థాయి అంకెతో వెళుతుంది. పాత స్వరానికి ఆగమని ఎవరూ చెప్పరు. ఒక రికార్డింగులో మంద్ర స్థాయి స ఒకటి 41 సెకన్లు అలా మోగుతూనే ఉంది. నేను దాన్ని స్పీకరు తప్పనుకుని తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాను. అన్ని కంట్రోలర్లూ ఇలా చేయవు, నాది చేసింది.

మెట్ల వెడల్పు ఇంకో చిక్కు. స్కేలు పెట్టి కొలిస్తే ఏడు తెల్ల మెట్లకు 131 మిల్లీమీటర్లు వచ్చింది. పియానో కొలతలో అది సుమారు 165. చిన్న మెట్లకు అలవాటుపడ్డ వేళ్లు పెద్ద మెట్ల మీద ప్రతి దూకులోనూ ఒక మెట్టు తక్కువ పడతాయి. నావి పడ్డాయి.

అప్పుడు మొదటే చేయాల్సిన పని చేశాను:

1. నాలుగు పాటల్లోనూ అన్నిటికంటే కింది స్వరాన్ని, అన్నిటికంటే పై స్వరాన్ని వెతికాను.
2. వాటి మిడి అంకెలు రాసుకున్నాను. మిడి అంటే కీబోర్డు, కంప్యూటర్ మాట్లాడుకునే పద్ధతి. అందులో ప్రతి స్వరానికీ 0 నుంచి 127 వరకు ఒక అంకె ఉంటుంది. పియానో నడుమ ఉండే సి 60.
3. కిందిది 38, పైది 88 అని తేలింది. అంటే 51 మెట్లు.
4. 49 మెట్ల కీబోర్డు మామూలుగా 36 నుంచి 84 వరకు పోతుంది, నాకు చాలదు. 61 మెట్లది 36 నుంచి 96 వరకు, సరిపోతుంది.

పూర్తి పియానో అంటే 88 మెట్లు, 21 నుంచి 108 వరకు. దాని మెట్ల వరుసే 1,200 మిల్లీమీటర్లు దాటుతుంది. నా బల్ల 1,100. వాదన అక్కడితో ముగిసింది.

*ఇప్పటిదాకా: 11 గంటలు. పక్కన పెట్టిన కీబోర్డులు 1. పూర్తయిన పాటలు 0.*

దశ 2: బరువు, రబ్బరు, ఒక మొండి మెట్టు (రోజు 9–21)

61 మెట్ల పాత కీబోర్డు ఒకటి దొరికింది. ఎవరో కొన్నాళ్లు వాడి మూల పెట్టినది. సొంత శబ్దాలు కూడా ఉన్నాయి, వందల్లో. ఓపిక పట్టి గంటన్నర సేపు అన్నీ విన్నాను. ఈ 90 రోజుల్లో వాటిలో రెండే పనికొచ్చాయి. అట్టపెట్టె మీద శబ్దాల సంఖ్యను ఎంత పెద్ద అక్షరాలతో అచ్చువేస్తే, లోపలి మెట్ల గురించి అంత తక్కువ రాస్తారని ఆ తర్వాత చాలా పెట్టెలు చూశాక అనిపించింది.

చూడాల్సింది మెట్టు దిగే తీరు. మూడు రకాలున్నాయి: స్ప్రింగుతో వెనక్కి వచ్చేవి, స్ప్రింగుకు కాస్త బరువు జోడించినవి, పియానోలో లాగా సుత్తి బరువుతో దిగేవి. నాది మొదటి రకం. ఎంత గట్టిదో తెలుసుకోవడానికి స్టీలు నట్లను డిజిటల్ త్రాసులో తూచి, మెట్టు దిగేదాకా ఒకదాని మీద ఒకటి పేర్చాను. ముందు అంచున 72 గ్రాములకు దిగింది. వెనక వైపు, నల్ల మెట్ల మధ్య, 134 గ్రాములు కావలసి వచ్చింది. మామూలు పియానో మెట్టు ముందు అంచున సుమారు 50 గ్రాములకే దిగుతుంది. కాబట్టి ‘బరువున్న మెట్లు’ అంటే గట్టి మెట్లు కాదు. గట్టిదనం స్ప్రింగులోనూ ఉంటుంది, పైగా లోపలికి వెళ్లే కొద్దీ పెరుగుతుంది. నల్ల మెట్లు ఎక్కువ పడే కార్డుల్లో నా బొటనవేలు ఎందుకు నొప్పెడుతోందో అప్పుడు తెలిసింది.

రోజు 13. అసలు తలనొప్పి ఇక్కడ మొదలైంది. మృదువుగా వాయించిన పాటలో ఒక స్వరం మాత్రం కేక పెడుతోంది. వచ్చిన మిడి సందేశాలను వరసగా చూపించే చిన్న ప్రోగ్రాం తెరిచి, 61 మెట్లనూ ఒక్కొక్కటి పది సార్లు, వీలైనంత ఒకే వేగంతో నొక్కాను. నొక్కిన వేగాన్ని వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 వరకు. మిగతా మెట్లన్నీ 50 నుంచి 75 మధ్య చెప్పాయి. 65వ అంకె మెట్టు, నడిమి సి పైనున్న ఎఫ్, పదికి పది సార్లూ 127 అంది.

కారణం సులువే. ప్రతి మెట్టు కింద రబ్బరు టోపీ ఉంటుంది, దాని లోపల రెండు నల్లటి కార్బన్ చుక్కలు. మెట్టు దిగుతుంటే ముందు ఒక చుక్క, కాస్త ఆగి రెండోది కింది పలక మీద ఆనుకుంటాయి. ఆ రెంటి మధ్య గడిచిన సమయమే వెలాసిటీ. ఎంత తక్కువైతే అంత బలంగా నొక్కినట్టు లెక్క. మొదటి చుక్క కింద దుమ్ము చేరితే అది ఆలస్యంగా అంటుకుంటుంది, వెంటనే రెండోదీ అంటుకుంటుంది. యంత్రం దృష్టిలో అది పిడిగుద్దు. దుమ్ము రెండో చుక్క కింద ఉంటే దీనికి వ్యతిరేకంగా, స్వరం నీరసంగా పలుకుతుంది లేదా అసలు పలకదు.

శుభ్రం చేసిన తీరు:

1. కరెంటు, యూఎస్‌బీ తీగ తీసేసి, కీబోర్డును మెత్తటి గుడ్డ మీద బోర్లించాను.
2. దళసరి అట్ట మీద దాని అడుగుభాగం బొమ్మ గీశాను. ఊడదీసిన ప్రతి స్క్రూనూ బొమ్మలో అదే చోట గుచ్చాను. మొత్తం 34. అందులో ఆరు పొడవు తేడా ఉన్నవి. ఈ అట్ట లేకపోతే పొడవు స్క్రూ ఏదో ఒకటి పై మూత చీల్చుకుని బయటికి వచ్చేది.
3. రిబ్బన్ తీగలు తీసే ముందు ఫోటో.
4. రబ్బరు పట్టీని ఒక చివర నుంచి మెల్లగా ఎత్తాను. నల్ల చుక్కలను వేలితో తాకకూడదు.
5. పలక మీది గుర్తులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో ఒకసారి తుడిచాను. రబ్బరు చుక్కలను పొడి గుడ్డతో అద్దానంతే. గట్టిగా రుద్దితే కార్బన్ ఊడివస్తుంది.
6. పది నిమిషాలు ఆరనిచ్చి, అన్నీ తిరిగి బిగించాను.

బిగించాక ఎఫ్ బాగైంది, దాని పక్కన మూడు మెట్లు మూగబోయాయి. రబ్బరు పట్టీకి అడుగున చిన్న చిన్న మేకుల్లాంటివి ఉంటాయి. వాటిని పలక రంధ్రాల్లోకి పూర్తిగా లాగకపోతే పట్టీ ఉబ్బుతుంది. మళ్లీ 34 స్క్రూలు. రెండోసారి మూత పెట్టక ముందే ప్రతి మేకునూ పుల్లతో నొక్కి చూశాను. ఎఫ్ ఇప్పుడు పది నొక్కుల్లో 58 నుంచి 71 మధ్య.

పాత కీబోర్డు తీసుకోబోయేవాళ్లు ఈ పది నొక్కుల పరీక్ష అక్కడికక్కడే చేయండి. ల్యాప్‌టాప్ వెంట ఉంటే ఇరవై నిమిషాల పని.

*ఇప్పటిదాకా: 26 గంటలు. విప్పి బిగించిన స్క్రూలు 68. పూర్తయిన పాటలు 0.*

దశ 3: ఆలస్యం (రోజు 22–38)

టిక్కుటిక్కున తాళం కొట్టే మెట్రోనోముతో వాయిస్తుంటే ప్రతి స్వరం వెనకబడుతోంది. నా వేళ్లే మందకొడివనుకున్నాను. ఐదు రోజులు, రోజుకు అరగంట, వేళ్లకు కసరత్తు చేయించాను. ఏమీ మారలేదు. ఆరో రోజు అనుమానం వచ్చి కొలిచాను. ఈ కొలతకు ప్రత్యేక పరికరం అక్కరలేదు:

1. ఫోనులో రికార్డింగు ఆన్ చేసి మెట్ల పక్కన పెట్టాలి. హెడ్‌ఫోను ఒక చెవి భాగాన్ని ఫోను మైకుకు ఆనించాలి.
2. సాఫ్ట్‌వేర్‌లో ఠక్కున మొదలయ్యే శబ్దం, డ్రమ్ము అంచు మీద కర్ర దెబ్బ లాంటిది, ఎంచుకోవాలి. వయొలిన్ పనికిరాదు, అది ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు.
3. మెట్టును గోటితో చప్పుడయ్యేలా పది సార్లు కొట్టాలి.
4. ఆ రికార్డింగును ఆడాసిటీ అనే ధ్వని కోసే ప్రోగ్రాంలో తెరిచి, బాగా పెద్దది చేసి, గోటి చప్పుడుకు డ్రమ్ము దెబ్బకు మధ్య ఖాళీని ఎంపిక చేస్తే దాని నిడివి కనిపిస్తుంది.
5. పదింటిలో అతి పెద్దది, అతి చిన్నది వదిలి మిగతా ఎనిమిదింటి సగటు తీయాలి.

గోరు తాకాక మెట్టు దిగడానికి పట్టే కొద్ది మిల్లీసెకన్లు కూడా ఇందులో కలుస్తాయి. కాబట్టి ఇవి నికరమైన అంకెలు కావు. ఒక అమరికను ఇంకో అమరికతో పోల్చడానికి మాత్రం భేషుగ్గా సరిపోతాయి. నాకు వచ్చినవి, మిల్లీసెకన్లలో:

- బ్లూటూత్ హెడ్‌ఫోన్లు: 231
- తీగ హెడ్‌ఫోన్లు, కంప్యూటర్ లోపలి సౌండ్ కార్డు, బఫర్ 1024: 74
- అదే, బఫర్ 512: 63
- బయటి ఆడియో ఇంటర్‌ఫేసు (సౌండ్ కార్డు పని చేసే విడి పెట్టె), దాని సొంత ఏసియో డ్రైవరు (దాన్ని నడిపే ప్రోగ్రాం), బఫర్ 256: 17
- అదే, బఫర్ 128: 14
- అదే, బఫర్ 64: 13, కానీ చిటపటలు

బ్లూటూత్‌తో వాయించడం బావిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి వంచడమే. వినడానికి వాడుకోండి, వాయించడానికి వద్దు.

బఫర్ అంటే కంప్యూటర్ బయటికి పంపే ముందు పోగుచేసుకునే ధ్వని నమూనాల సంఖ్య. సెకనుకు 48,000 నమూనాల లెక్కన 1024 పోగుచేయడానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది, 128కి 2.7. మరి నా 74లో మిగతాదంతా ఎక్కడిది? ముందు మిడి తీగను అనుమానించాను. మిడి పద్ధతి 1983 నాటిది, పాతబడి నెమ్మదిగా ఉందేమో అని. లెక్క వేస్తే నిర్దోషి అని తేలింది. ఆ పాత గుండ్రటి తీగలో సెకనుకు 31,250 బిట్లు వెళతాయి. ఒక స్వరం సందేశం మూడు బైట్లు, ఒక్కో బైటుకు ముందూ వెనకా గుర్తులతో కలిపి 10 బిట్లు, మొత్తం 30. ఒక మిల్లీసెకను కూడా పట్టదు. అసలు దొంగ విండోస్‌లో ధ్వనులన్నిటినీ కలిపే మధ్య పొర, దాని కింద మామూలు డ్రైవరు. ఏసియో ఆ పొరను పక్కకు తప్పించి నేరుగా ఇంటర్‌ఫేసుతో మాట్లాడుతుంది. ఆపిల్ యంత్రాల్లో కోర్ ఆడియో, లినక్స్‌లో జాక్ లేదా పైప్‌వైర్ ఆ పని చేస్తాయి.

64 దగ్గర చిటపటలకు కారణం, ప్రాసెసర్ ఆ 1.3 మిల్లీసెకన్లలో తన లెక్క ముగించలేకపోవడం. 64 కోసం రెండు సాయంత్రాలు పోరాడాను: వైఫై ఆపాను, బ్యాటరీ పొదుపు తీసేశాను, వెనక నడిచే ప్రోగ్రాములు మూసేశాను. చిటపటలు తగ్గాయి, పోలేదు. తర్వాత తట్టింది, స్పీకర్లను నా చెవికి రెండు మీటర్ల దూరంలో పెట్టుకుని వింటున్నాను. గాలిలో ధ్వని మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఒక్క మిల్లీసెకను కోసం రెండు సాయంత్రాలు తగలేసిన మనిషి కుర్చీని అడుగు ముందుకు జరపలేదు. 128కి మార్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందుకు సాగాను. వాయించేటప్పుడు 128, పాటలు కలిపేటప్పుడు 1024. ఈ రెండు అంకెలూ బల్లకు అంటించాను.

రోజు 31. ఇక్కడ ఊహించనిది జరిగింది. ఆలస్యం పోయాక రికార్డు చేసిన స్వరాలు మెట్రోనోముకంటే సగటున 19 మిల్లీసెకన్లు ముందే పడుతున్నాయి. మొదట సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను. దానికేం తెలుసు? వారాల తరబడి ఆలస్యంగా వినిపించిన స్వరాలకు సర్దుకోవడానికి నా వేళ్లు ముందే దిగడం నేర్చుకున్నాయి. యంత్రం దారికొచ్చాక నా తొందర బయటపడింది. పాత రికార్డింగుల్లో ఇది ఎందుకు కనిపించలేదంటే, ప్రతి స్వరాన్నీ గీత మీదికి జరిపే క్వాంటైజ్ బొత్తాన్ని అలవాటుగా నొక్కేస్తూ వచ్చాను. దాన్ని ఆపేసి, రోజూ ఒకే నాలుగు ఆవృత్తాలు వాయించి సగటు తేడా రాసుకున్నాను: 19, 17, 17, 12, 13, 9, 6. ఆరు దగ్గర ఆగింది. అది నా చేతిదేనని ఒప్పేసుకున్నాను.

*ఇప్పటిదాకా: 49 గంటలు. ఆలస్యం 74 నుంచి 14కు. పూర్తయిన పాటలు 0.*

దశ 4: సాఫ్ట్‌వేర్ (రోజు 39–55)

ఎంపికకు ఒకే కొలబద్ద పెట్టుకున్నాను. 16 ఆవృత్తాల చిన్న ముక్క ఒకటి, రెండు చేతుల పియానో, ఒక బాస్, ఒక డ్రమ్ము. దాన్ని ప్రతి దానిలో రికార్డు చేసి, భద్రపరిచి, మూసి, మర్నాడు తెరవాలి.

ఆ ‘మర్నాడు తెరవాలి’ అన్నది తొలి దెబ్బ తిన్నాక చేర్చినది. ఒకదాని ఉచిత రూపంలో నాలుగు గంటలు కూర్చుని ముక్క పూర్తిచేశాను. భద్రపరిచింది. మర్నాడు తెరవనంది. పూర్తి రూపం ఉంటేనే తెరుస్తుందట. ఆ సంగతి షరతుల్లో రాసే ఉంది, చదవనిది నేను. మీరు ముందు రెండు స్వరాలు రికార్డు చేసి మూసి తెరవండి, తర్వాతే గంటలు పెట్టండి.

మిగతావాటిని త్వరగా చెబుతాను. ఆడాసిటీ ధ్వనిని కొలవడానికి, కోయడానికి, అతకడానికి బాగుంటుంది. కీబోర్డుతో వాద్యాలను అప్పటికప్పుడు పలికించడం దాని పని కాదు. మ్యూజ్‌స్కోర్ స్వరలిపి రాయడానికి. గ్యారేజ్‌బ్యాండ్ 2004 నుంచి ఆపిల్ యంత్రాలకు మాత్రమే, నాది విండోస్. చివరికి ఆర్డర్, రీపర్ మిగిలాయి. ఆర్డర్ మూలసంకేతం అందరికీ తెరిచి ఉన్నది, లినక్స్‌లో పుట్టి విండోస్‌కూ ఆపిల్‌కూ వచ్చింది. రీపర్‌ను కొనే ముందు 60 రోజులు పూర్తి రూపంలో పరిశీలించవచ్చు. ముక్క రెండిటిలోనూ బాగానే వచ్చింది. రీపర్‌లో మొదటి స్వరం రికార్డయ్యేసరికి నాకు 14 నిమిషాలు పట్టింది. ట్రాకు ఎర్ర బొత్తం నొక్కి, ఇన్‌పుట్‌ను మైకు నుంచి మిడికి మార్చాలని తెలియక.

తేల్చింది ఒక ప్రమాదం. రోజు 47న ఒక ఉచిత ప్లగిన్ (రీపర్‌లోకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) కారణంగా ప్రాజెక్టు తెరుస్తుండగానే రీపర్ కూలిపోవడం మొదలైంది. రీపర్ ప్రాజెక్టు ఫైలు మామూలు అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడ్‌లో చదవవచ్చు. నకలు తీసుకుని, తెరిచి, ఆ ప్లగిన్ పేరు వెతికి, అది మొదలైన కోణపు గుర్తు నుంచి ముగిసిన గుర్తు దాకా ఉన్న వరసలు తీసేశాను. పాట తెరుచుకుంది. ఆ ప్లగిన్ శబ్దం తప్ప ఒక్క స్వరం పోలేదు. ఆ సాయంత్రమే వెతుకులాట ఆపేశాను.

ఇంకో తికమక. ప్రతి స్వరం రెండుసార్లు, గుహలో పాడినట్టు వినిపిస్తోంది. ఎకో ప్లగిన్ ఏదో ఉండిపోయిందని గంటసేపు వెతికాను. సంగతేమిటంటే, కీబోర్డు తన సొంత పియానోను పలికిస్తోంది, అదే మెట్టు సందేశంతో కంప్యూటర్ తన పియానోను 14 మిల్లీసెకన్ల తర్వాత పలికిస్తోంది. సొంత శబ్దాలున్న కీబోర్డుల్లో ‘లోకల్ కంట్రోల్’ అనే అమరిక ఉంటుంది, దాన్ని ఆపేస్తే మెట్లకు లోపలి శబ్దానికి లంకె తెగుతుంది. నా కీబోర్డు ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని మళ్లీ తెరిచేస్తుంది. అందుకే ప్రాజెక్టు మొదటి ఆవృత్తంలోనే 122వ కంట్రోలర్‌కు (మిడిలో ఈ అమరిక అంకె అది) 0 పంపే సందేశం ఒకటి పెట్టేశాను.

*ఇప్పటిదాకా: 71 గంటలు. పరిశీలనకు వచ్చిన సాఫ్ట్‌వేర్లు 6. పోగొట్టుకున్న ముక్కలు 1. పూర్తయిన పాటలు 1.*

దశ 5: పియానో, పెడలు (రోజు 56–72)

పియానోకు సాలమాండర్ గ్రాండ్ అనే ఉచిత నమూనాల సంపుటి తీసుకున్నాను. యమహా సీ5 గ్రాండ్ పియానో నుంచి, మూడు అర్ధస్వరాలకు ఒకటి చొప్పున ఎంచిన స్వరాలను 16 బలాలతో రికార్డు చేసినది. విన్న మొదటి రోజు చప్పగా అనిపించింది. సంపుటిని మార్చబోయి, ముందు నా అంకెలు చూశాను. రెండో పాటలో 1,204 స్వరాలున్నాయి. వాటిలో 91 శాతం వెలాసిటీ 40కి 88కి మధ్యే. పైపొరల్లో ఉన్న గట్టి, మెరుపు శబ్దాలను నేను ఒక్కసారీ లేపలేదు. స్ప్రింగు మెట్ల మీద అంతకంటే బలంగా కొట్టడం వేళ్లకు చేతకాదు.

కీబోర్డులో ‘తేలిక’ అమరిక పెడితే పై బలాలు వచ్చాయి, మృదువైనవి మాయమయ్యాయి. దాన్ని మామూలుకు తెచ్చి, రీపర్‌లో వెలాసిటీని సాగదీశాను: 40 వస్తే 25గా, 88 వస్తే 115గా. పియానో లేచి కూర్చుంది. కానీ ప్రతి తేడా 1.9 రెట్లయింది కదా, నా వేళ్ల ఎగుడుదిగుళ్లూ అన్ని రెట్లయ్యాయి. ఉంగరపు వేలు ఎంత నీరసంగా పడుతుందో ఊరంతా వినేటట్టుంది. 32కు 104కు తగ్గించాను, అంటే ఒకటిన్నర రెట్లు. రెండు బాధల మధ్య అదే ఓర్చుకోదగ్గ చోటు. సుత్తి బరువున్న మెట్లు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. పియానోనే ప్రధానమైతే నా దారిలో రాకండి, మెట్లు తగ్గినా సరే సుత్తివే తీసుకోండి. నాకు బాస్, తీగ వాద్యాలు ఎక్కువ కాబట్టి నడిచిపోయింది.

పెడలుది చిన్న కథ. తొక్కి ఉంచినంతసేపు స్వరాలను మోగనివ్వడం దాని పని. కాలు తీస్తే స్వరాలు మోగుతున్నాయి, తొక్కితే ఆగుతున్నాయి. పెడళ్లు రెండు రకాలు: తొక్కితే కలిసేవి, తొక్కితే విడిపోయేవి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడలు ఎలా ఉంటే దాన్నే ‘కాలు లేని’ స్థితిగా తీసుకుంటాయి. బల్ల కింద వంగి స్విచ్చి వేసినప్పుడల్లా నేను పెడలును మోకాలితో తొక్కుతున్నాను.

పెడలు తొక్కి పట్టుకున్న చోట్ల 128 బఫర్‌లోనూ చిటపటలొచ్చాయి. ఆగని స్వరాలన్నీ పోగుపడి ఒకేసారి మోగడమే కారణం. ప్లగిన్‌లో ఒకేసారి మోగే స్వరాలను 64కు పరిమితం చేశాను. అయిపోయిన ట్రాకులను ఫ్రీజ్ చేసి ధ్వనిగా మార్చేశాను. ప్రాసెసర్ భారం 78 శాతం నుంచి 31కి దిగింది.

*ఇప్పటిదాకా: 94 గంటలు. పూర్తయిన పాటలు 2.*

దశ 6: చక్రం, శ్రుతి (రోజు 73–90)

మూడో పాటలో ఒక వేణువు ఉంది. గమకాల కోసం పిచ్ బెండ్ చక్రం మీద ఆధారపడాలి. మామూలుగా అది పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాలే వంచుతుంది. పెద్ద జారులు కావాలని రెండు వైపులా 12కు పెంచాను. ఆ రోజు నుంచి వేణువు శ్రుతి తప్పింది. అన్నీ కాదు, చక్రం ఒకసారి కదిపిన తర్వాతి స్వరాలు మాత్రమే.

చక్రం స్థానాలు 0 నుంచి 16383 వరకు, నడిమిది 8192. వేలు తీశాక నా పాత చక్రం 8192కు కాక 8320కి వచ్చి ఆగుతోంది. తేడా 128. రెండు అర్ధస్వరాల పరిధిలో అది 3 సెంట్లు, చెవికి ఆనదు. అర్ధస్వరం అంటే 100 సెంట్లు. పన్నెండు అర్ధస్వరాల పరిధిలో అదే 128 దాదాపు 19 సెంట్లవుతుంది. శ్రుతి పెట్టె పక్కన అది ఈగలా జుమ్మంటుంది. చక్రం ఎప్పుడూ ఉన్న చోటే ఉంది. దాని తప్పును ఆరింతలు చేసింది నేను.

చేసిన మార్పులు:

1. పరిధి 12 నుంచి 4కు. శేషం 6 సెంట్లు.
2. రీపర్‌లో 8000కు 8400కు మధ్య వచ్చే ప్రతి విలువనూ 8192గా మార్చే చిన్న వడపోత.
3. పెద్ద జారులు చక్రంతో కాక, రికార్డు చేశాక మౌస్‌తో గీత గీసి.

ఇంకొక జాగ్రత్త: పరిధి ప్లగిన్‌లో ఉంటుంది, రికార్డింగులో చక్రం స్థానాలే ఉంటాయి. 12తో రికార్డు చేసిన పాత గమకాలు 4 పెట్టగానే మూడో వంతుకు కుంగిపోయాయి. వాటిని మళ్లీ వాయించాను. ఒక సాయంత్రం పోయింది.

ల్యాప్‌టాప్ ఛార్జరు పెట్టినప్పుడు స్పీకర్లలో వచ్చే గుంయ్‌మనే మోత ఇప్పటికీ పోలేదు. ఛార్జరు తీసి రికార్డు చేస్తున్నాను. బ్యాటరీ గంటా నలభై నిమిషాలు వస్తుంది, ఒక కూర్చోటకు అది చాలు.

*రోజు 90: 117 గంటలు. పూర్తయిన పాటలు 3. నాలుగోది పియానో దాకా వచ్చింది, బాస్ మిగిలింది.*

రాత్రి నాలుగో పాట వింటుంటే మూడో ఆవృత్తంలో ఒక స్వరం కేక పెట్టింది. మిడి అంకె 65. పది సార్లు నొక్కి చూశాను: తొమ్మిది సార్లు 60ల్లో, ఒకసారి 127. స్క్రూల అట్ట అటక మీద నుంచి దించాను.